ఒక దోమ, మూడు వందల ఏళ్ల చదువు: జపాన్ వరిచేలలో పురుగుల చరిత్ర

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, ఒప్పందాలు అనుకుంటాం. జపాన్ అనగానే మనకు హిరోషిమా, నాగసాకి గుర్తొస్తాయి, లేకపోతే బుల్లెట్ రైలు. కానీ ఒక దేశపు చరిత్రను అర సెంటీమీటరు కూడా లేని ఒక పురుగు కుదిపేసిన సంగతి పాఠాల్లో కనపడదు. ఆ పురుగు మనకేమీ కొత్తది కాదు. వరి పండించే ప్రతి ఇంట్లో దాని పేరు తెలుసు. అదే సుడిదోమ.

మాది తుంగభద్ర ఎడమ కాలువ కింద ఉన్న ఒక క్యాంపు. మా తాతయ్య వాళ్ళు పశ్చిమ గోదావరి నుంచి వచ్చి ఇక్కడ పొలం కొనుక్కుని స్థిరపడ్డారు. మా ఇంట్లో దాన్ని దోమ అనీ, దోమపోటు అనీ అంటారు. పక్క ఊరి కన్నడ రైతులు కందు జిగి హుళు అంటారు. జపాన్ వాళ్ళు తోబిఇరో ఉంకా అంటారు. సైన్సు పేరు నీలపర్వత లూజెన్స్. వినడానికి మన మాటలాగే ఉంటుంది. పేర్లు నాలుగైనా పురుగు ఒకటే, అది చేసే పనీ ఒకటే. మొక్క మొదట్లో, నీటికి కాస్త పైన గుంపుగా చేరి రసం పీల్చేస్తుంది. చేను మధ్యలో సుడి తిరిగినట్టు గుండ్రంగా ఎండిపోతుంది. జపాన్ రైతులు కూడా ఆ గుండ్రని మచ్చకు ఒక పేరు పెట్టుకున్నారు, త్సుబొగరే అని. ఎక్కడో ఉన్న ఆ రైతు, ఇక్కడి మా నాన్న చేను గట్టు మీద నిలబడి చూసేది ఒకే మచ్చ. అందుకే ఈ వ్యాసానికి జపాన్ పురుగుల చరిత్రను ఎంచుకున్నాను.

తూనీగల దీవి

జపాన్‌కు పాత పేర్లలో ఒకటి అకిత్సుషిమా. అకిత్సు అంటే పాతకాలపు భాషలో తూనీగ. షిమా అంటే దీవి. క్రీ.శ. 720లో పూర్తయిన నిహోన్ షొకి అనే చరిత్ర గ్రంథంలో దీనికి ఒక కథ ఉంది. మొదటి చక్రవర్తి జిమ్ము కొండ ఎక్కి దేశాన్ని చూస్తే, అది జతకట్టిన తూనీగల్లాగా కనిపించిందట. అంతకన్నా ముందు కాలానికి చెందిన కంచు గంటల మీద కూడా తూనీగ బొమ్మలున్నాయి. తూనీగలు వరిచేల మీద తిరుగుతూ దోమల్ని తింటాయి కాబట్టి, వరి పండించేవాళ్ళకు వాటి మీద ప్రేమ ఉండటంలో ఆశ్చర్యం లేదు. తర్వాతి కాలంలో సమురాయ్ యోధులు తూనీగ ముందుకే ఎగురుతుంది తప్ప వెనక్కి తగ్గదని, దాన్ని గెలుపు పురుగు అని పిలిచి శిరస్త్రాణాల మీద పెట్టుకున్నారు.

హెయాన్ కాలం నాటి ఒక కథలో పురుగుల్ని ప్రేమించే ఒక పెద్దింటి అమ్మాయి ఉంటుంది. పక్కింటి అమ్మాయి సీతాకోకచిలుకల్ని ఇష్టపడితే ఈ అమ్మాయి గొంగళి పురుగుల్ని పెట్టెల్లో పెంచుతుంది. అందరూ నవ్వుతారు. ఆమె మాత్రం ఏది దేనిగా మారుతుందో చూడాలి, అప్పుడే అసలు విషయం తెలుస్తుంది అనుకుంటుంది. అది దాదాపు తొమ్మిది వందల ఏళ్ల నాటి కథ. చదివినప్పుడు నాకు చాలా నచ్చింది. సైన్సు టీచర్ చెప్పే 'పరిశీలన' అంటే ఇదే కదా.

1732: విత్తనాల మూట మీద తల పెట్టుకున్న మనిషి

పురుగుల మీద ప్రేమ ఒకటే సరిపోదు. 1732లో జపాన్ పడమటి ప్రాంతాల్లో, అంటే క్యుషు, షికోకు దీవుల్లోనూ, హోన్షు పడమటి భాగంలోనూ వేసవి అంతా చలి, ఎడతెగని వాన. దాంతో పాటు వరి మీద దోమ దండుగా పడింది. చేలకు చేలు ఎండిపోయాయి. దీన్ని క్యోహో కరువు అంటారు. లక్షల మంది ఆకలి పాలయ్యారు. ఎదో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, బియ్యం ధర పెరిగిపోయింది. 1733లో జనం ఒక పెద్ద బియ్యం వ్యాపారి ఇంటి మీద పడి పగలగొట్టారు. ఆ నగరంలో అలాంటి తిరుగుబాటు అదే మొదటిదని చెబుతారు.

ఈ కరువులో సాకుబే అనే రైతు కథ అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయనది షికోకు దీవిలో మత్సుయామా దగ్గర ఒక పల్లె. తిండి లేక నీరసించి పడిపోయినా, ఇంట్లో ఉన్న యవల విత్తనాల మూట విప్పలేదు. తింటే కొన్ని రోజులు బతికేవాడు. ఇవి తినేస్తే రేపు ఊరికి విత్తడానికి ఏముంటుంది అని ఆ మూటను తలగడలా పెట్టుకుని చనిపోయాడట. ఆ విత్తనాలు ఊళ్లో చల్లుకున్నారు. ఆయన పేరుతో అక్కడ గుడి కూడా ఉంది.

ఈ సంగతి మా తాతయ్యకు చెప్తే ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "విత్తనం తిన్న ఇల్లు లేవదమ్మా" అన్నారు. అంతే.

దివిటీలు, తిమింగలం నూనె

దోమ ఎందుకు వస్తుందో ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియనప్పుడు కథలు పుడతాయి. 1183లో సాయితో సనెమొరి అనే ముసలి యోధుడు యుద్ధంలో చనిపోయాడు. ఆయన గుర్రం వరి మోడుకు తట్టుకుని పడిందనీ, ఆ కోపంతో ఆయన ఆత్మ వరిని తినే పురుగుగా మారిందనీ జనం నమ్మారు. అందుకే సనెమొరి గడ్డిబొమ్మ చేసి, రాత్రిపూట దివిటీలు, డప్పులతో చేల గట్ల మీద ఊరేగించి ఊరి పొలిమేర దాటించేవాళ్ళు. దీని పేరు ముషి ఒకురి, అంటే పురుగుల్ని సాగనంపడం. కొన్ని ఊళ్లలో ఇది ఇప్పటికీ జరుగుతోంది. మనవాళ్ళు అమ్మవారిని ఊరి పొలిమేర దాకా సాగనంపడం లాంటిదే ఇదీ.

అయితే రైతులు ఊరేగింపుతోనే ఆగిపోలేదు. క్యుషు దీవి చుట్టూ సముద్రంలో తిమింగలాల వేట ఉండేది. తిమింగలం నూనె దొరికేది. చేలో నీరు నిలిపి, ఆ నీటి మీద కొంచెం నూనె చుక్కలు చుక్కలుగా వేస్తే పల్చటి పొరలాగా పరుచుకుంటుంది. అప్పుడు గడ్డితోనో, కర్రతోనో మొక్కల్ని తడితే దోమలు నీళ్లలో రాలతాయి. మామూలు నీటి మీద అవి తేలి మళ్ళీ మొక్క ఎక్కేస్తాయి. నూనె పొర మీద పడితే మాత్రం లేవలేవు. పురుగులు ముక్కుతో గాలి పీల్చవు, ఒంటి పక్కలనున్న చిన్న రంధ్రాలతో పీలుస్తాయి. నూనె ఆ రంధ్రాలను మూసేస్తుంది.

1732 కరువు తర్వాత ఈ పద్ధతి బాగా వ్యాపించింది. 1826లో ఒకురా నగత్సునె అనే ఆయన దీని మీదే జొకొరొకు అనే పుస్తకం రాశాడు. నూనె ఎలా వేయాలి, మొక్కల్ని ఎలా తట్టాలి అని బొమ్మలతో సహా రైతులకు అర్థమయ్యేలా చెప్పాడు. నాకు ఇక్కడ ఒక విషయం గొప్పగా అనిపించింది. ఆ పద్ధతి పుట్టింది రైతుల చేలలో, ఏ పెద్ద కాలేజీలోనూ కాదు. అది పని చేసింది కూడా, దోమ మొక్క మొదట్లో ఉంటుందని, రాలితే నీళ్లలో పడుతుందని ఎవరో వంగి చూశారు కాబట్టే.

బడిపంతులు, నది రాళ్ళు

1868 తర్వాత మెయిజీ కాలంలో పడమటి దేశాల సైన్సు జపాన్‌లోకి వచ్చింది. సప్పొరో వ్యవసాయ కళాశాలలో మత్సుమురా షోనెన్ పురుగులకు శాస్త్రీయంగా పేర్లు పెట్టడం, వర్గాలుగా విడదీయడం మొదలుపెట్టి, 1898లో జపాన్ కీటకశాస్త్రం మీద పుస్తకం రాశారు. గిఫులో నవా యసుషి అనే ఉపాధ్యాయుడు 1883లో వసంతకాలంలో మాత్రమే ఎగిరే పసుపు నలుపు చారల సీతాకోకచిలుకను పట్టుకున్నారు. దానికి ఇప్పుడు గిఫు సీతాకోకచిలుక అని పేరు. ఆయన 1896లో సొంతంగా ఒక పురుగుల పరిశోధనాలయం పెట్టి, మరుసటి ఏడాది 'పురుగుల లోకం' అనే అర్థం వచ్చే పేరుతో పత్రిక మొదలుపెట్టారు. ఏ పురుగు మేలు చేస్తుంది, ఏది కీడు చేస్తుంది అని రైతులకు, బడి పిల్లలకు చెప్పడమే ఆయన పని. ఆయన పెట్టిన మ్యూజియం గిఫులో ఇప్పటికీ ఉంది.

పేర్లు పెట్టడం ఒక మెట్టు. ఏ పురుగు ఎక్కడ, ఎందుకు ఉంటుంది అని అడగడం ఇంకో మెట్టు. ఈ రెండో మెట్టు ఎక్కినవాళ్ళలో ఇమనిషి కింజి ఒకరు. 1930లలో ఆయన క్యోటో నగరం మధ్య నుంచి పారే కామొ నదిలో రాళ్ళు తిరగేస్తూ, నీళ్లలో పెరిగే ఒక రకం పురుగు పిల్లల్ని చూసేవారు. పెద్దయ్యాక ఒకటి రెండు రోజులే బతికే సన్నని రెక్కల పురుగులవి. నది నడుమ ప్రవాహం జోరుగా ఉన్న చోట ఒక జాతి, కొంచెం నెమ్మదిగా ఉన్న చోట ఇంకో జాతి, ఒడ్డు దగ్గర మరో జాతి కనిపించాయి. ఒకే నదిని అవి వాటాలు వేసుకున్నట్టు పంచుకున్నాయి. దీనికి ఆయన సుమివకె అని పేరు పెట్టారు. అంటే ఉండే చోటును పంచుకోవడం. 1941లో ఆయన ఈ ఆలోచనలను పుస్తకంగా రాశారు. జీవులు ఎప్పుడూ ఒకదాన్ని ఒకటి తోసుకుంటూనే ఉండవు, సర్దుకుని కూడా ఉంటాయి అన్నది అందులో ముఖ్యమైన మాట. అందరు శాస్త్రవేత్తలూ దీన్ని ఒప్పుకోలేదు. కానీ జపాన్‌లో ప్రకృతిని చూసే తీరు మీద ఆయన ప్రభావం చాలా ఉంది.

సముద్రం దాటి వచ్చిన దండు

ఇన్ని పుస్తకాలు వచ్చినా ఒక ప్రశ్న అలాగే మిగిలింది. జపాన్‌లో చలికాలం మంచు కురుస్తుంది. వరి ఉండదు. సుడిదోమ బతకడానికి వరి కావాలి. మరి ప్రతి సంవత్సరం వేసవిలో మళ్ళీ ఎక్కడి నుంచి వస్తోంది? ఎక్కడో గడ్డిలో గుడ్లు పెట్టి దాక్కుంటుందని కొందరు, ఎగిరి వస్తుందని ఇంకొందరు చాలా ఏళ్లు వాదించుకున్నారు. ఇంత చిన్న పురుగు సముద్రం దాటుతుందంటే నమ్మడం కష్టమే.

1967 జులైలో జవాబు దొరికింది. జపాన్‌కు దక్షిణంగా, తీరానికి సుమారు 500 కిలోమీటర్ల దూరంలో వాతావరణ శాఖ ఓడ ఒకటి నిలిచి ఉంది. దాని పని గాలి, వాన కొలవడం. పురుగులతో దానికి సంబంధం లేదు. చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేని ఆ చోట ఓడ చుట్టూ దోమల దండు వచ్చి పడింది. చూస్తే అవి వరి దోమలే! ఆ తర్వాత కిసిమొతో ర్యోయిచి మొదలైన శాస్త్రవేత్తలు వలలు కట్టి, గాలి లెక్కలు చూసి దారి కనిపెట్టారు. దోమలు ఉత్తర వియత్నాం, దక్షిణ చైనా వైపు నుంచి బయలుదేరి, జూన్, జులై వానాకాలంలో వీచే బలమైన నైరుతి గాలి మీద జపాన్ చేరుతున్నాయి.

ఇక్కడ సుడిదోమ తెలివి ఒకటి చెప్పాలి. దీనిలో రెండు రకాల పెద్ద పురుగులుంటాయి. చేను లేతగా, తిండి బాగా ఉంటే పొట్టి రెక్కలవి ఎక్కువ పుడతాయి. అవి ఎగరవు, అక్కడే ఉండి గుడ్లు పెడతాయి. గుంపు ఎక్కువై మొక్క ఎండడం మొదలైతే పొడవు రెక్కలవి పుడతాయి. అవి ఎగిరిపోతాయి. కాబట్టి 1732లో జపాన్ చేలను ఎండబెట్టిన దోమ సనెమొరి ఆత్మ కాదు, ఆ ఊరి రైతుల పాపమూ కాదు. అది గాలి మీద వచ్చిన అతిథి. పురుగుకు పాస్‌పోర్టు అక్కర్లేదు. ఒక దేశంలో రైతు చేసిన పని ఫలితం ఇంకో దేశంలో రైతు చేలో దిగుతుంది.

మందు, సాలీడు, 'ఊరికే ఉండే పురుగు'

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ చేలలోకి డి.డి.టి., బి.హెచ్.సి. లాంటి మందులు వచ్చాయి. మొదట్లో అద్భుతంలాగా పని చేశాయి. కొన్నాళ్లకు మందు కొట్టినా కొన్ని దోమలు చావకపోవడం, ఇంకా పెరగడం కనిపించింది. షికోకు దీవిలో కోచి అనే ప్రాంతం ఉంది (మన కేరళ కొచ్చి కాదు). అక్కడ కిరితాని కెయిజి అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసేవాళ్ళు వరిచేలో కూర్చుని సాలీళ్ళు రోజుకు ఎన్ని పచ్చదోమల్ని తింటున్నాయో లెక్కపెట్టారు. మందు దోమ కన్నా ముందు సాలీడును చంపుతోందని, కాపలావాడిని చంపి దొంగను వదిలినట్టు అవుతోందని తేలింది. 1971లో జపాన్ పంటల మీద ఆ రెండు మందుల్నీ ఆపేసింది.

కిరితాని మాటల్లో నాకు బాగా నచ్చినది తదనొ ముషి. అంటే ఊరికే ఉండే పురుగు. అది పంటను తినదు, దోమనూ తినదు. రైతుకు లాభమూ లేదు, నష్టమూ లేదు. అందుకని ఎవరూ పట్టించుకోరు. కానీ చేలో ఎక్కువ భాగం అలాంటి పురుగులే. దోమ లేని రోజుల్లో సాలీడు వాటిని తినే బతుకుతుంది. వాటిని పట్టించుకోని సేద్యం చివరికి పంటకే చేటు అని ఆయన అన్నారు. తర్వాత చాలామంది కలిసి జపాన్ వరిచేలలో ఉండే జీవులన్నిటి జాబితా తయారుచేస్తే 5,600 జాతులు దాటాయి. మొక్కలు, కప్పలు, పక్షులు, పురుగులు అన్నీ కలిపి. వరి పండే చేను మనం అనుకున్నంత ఖాళీ చోటు కాదు.

ఇది చదువుతున్నప్పుడు నాకు మా చేను గుర్తొచ్చింది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా వానాకాలం పంటకు దోమ తగిలింది. మందుల షాపాయన రెండు మూడు మందులు కలిపి ఇచ్చాడు. నాన్న మూడుసార్లు కొట్టించారు. ఖర్చు అప్పుగా రాసుకున్నారు. అయినా రెండెకరాల్లో సుడులు పడ్డాయి. ఆ రాత్రి అమ్మ, నాన్న లెక్కలు వేసుకుంటుంటే నేను పుస్తకం ముందు పెట్టుకుని వింటూ ఉన్నాను. "మా రోజుల్లో ఇన్ని మందులూ లేవు, ఇన్ని దోమలూ లేవు" అని తాతయ్య అన్నారు. "ఆ రోజుల్లో ఎకరానికి ఇన్ని బస్తాలూ లేవు కదా నాన్నా" అని మా నాన్న అన్నారు. ఇద్దరి మాటా నిజమే. ఎక్కువ దిగుబడి కోసం దగ్గర దగ్గరగా నాటి, యూరియా ఎక్కువ వేస్తే చేను గుబురుగా, మెత్తగా పెరుగుతుంది. దోమకు కావలసింది అదే. అలాంటప్పుడు తప్పు ఒక్క మందుదో, ఒక్క రైతుదో అనలేం.

తిరిగి రాని ఎర్ర తూనీగలు

జపాన్ కథ అంతటితో సుఖంగా ముగియలేదు. అక్కడ అకియాకనె అనే ఎర్ర తూనీగ ఉంది. కోత అయ్యాక శరత్కాలంలో తడి మడిలో గుడ్లు పెడుతుంది. గుడ్లు చలికాలమంతా మట్టిలో ఉండి, వసంతంలో మడికి నీళ్ళు పెట్టగానే పిల్లలవుతాయి. జూన్‌లో రెక్కలు వచ్చి, ఎండకు ఆగలేక కొండల మీదకి పోయి, చల్లబడ్డాక ఎర్రబడి మళ్ళీ చేలకు వస్తాయి. రైతు పంచాంగం, దాని పంచాంగం ఒకటే. ఆకాశం నిండా కనిపించే ఆ తూనీగ 2000 సంవత్సరం దగ్గర్నుంచి చాలా చోట్ల బాగా తగ్గిపోయింది. నారు పెట్టెల్లోనే వేసే కొత్త రకం మందులు మడి నీళ్లలో కలిసి పిల్ల తూనీగల్ని చంపుతున్నాయని పరిశోధనలు చూపించాయి. మడులు ఆరబెట్టే పద్ధతి మారడం కూడా ఒక కారణం. తూనీగల దీవి అని పేరు పెట్టుకున్న దేశంలోనే తూనీగకు ఈ గతి పట్టింది.

అయితే అక్కడి జనం చూస్తూ ఊరుకోలేదు. 1980లలో కోచి ప్రాంతంలోనే షిమంతో నది దగ్గర కొందరు డబ్బు పోగుచేసి, పాడుబడిన పొలాలు కొని తూనీగల కోసం చెరువులు తవ్వారు. చాలా ఊళ్ళు వాగులు శుభ్రం చేసుకుని మిణుగురుల్ని మళ్ళీ తెచ్చుకున్నాయి. ఆ మిణుగురుల్లో కూడా ఒక వింత ఉంది. గెంజి మిణుగురు తూర్పు జపాన్‌లో సుమారు నాలుగు సెకన్లకోసారి, పడమటి జపాన్‌లో రెండు సెకన్లకోసారి వెలుగుతుంది. ఒకే భాషకు రెండు యాసలున్నట్టు! మా క్యాంపులో మాట్లాడే తెలుగుకూ, బళ్ళారి వైపు తెలుగుకూ తేడా ఉన్నట్టే అనుకున్నాను. అందుకే వేరే చోటి మిణుగురుల్ని తెచ్చి వదలకూడదని అక్కడి శాస్త్రవేత్తలు చెబుతారు.

ముగింపు

ఈ చరిత్రలో నాకు అర్థమైంది ఇది. దోమను సాగనంపడానికి జపాన్ రైతులు మొదట డప్పు కొట్టారు, తర్వాత నూనె పోశారు, ఆ తర్వాత మందు కొట్టారు. ప్రతిసారీ ముందుకు తీసుకెళ్ళింది మాత్రం వంగి చూసినవాళ్ళే. గొంగళి పురుగుల్ని పెంచిన కథలోని అమ్మాయి, మొక్కను తట్టి చూసిన రైతు, రాళ్ళు తిరగేసిన ఇమనిషి, సాలీళ్ళను లెక్కపెట్టిన కిరితాని, అందరూ చేసింది ఆ పనే.

మనలో చాలామంది ఇళ్లలో పొలం ఉంది. మందు కొట్టే ముందు నాలుగు దుబ్బులు పక్కకు వంచి మొదట్లో చూడటానికి డబ్బు ఖర్చు కాదు. దోమలు ఎన్ని, సాలీళ్ళు ఎన్ని, అక్షింతల పురుగులు ఎన్ని అని నోటుబుక్కులో రాయడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు, తెలుగు చాలు. రెండు మీటర్లకోసారి కాలిబాట వదిలి నాటితే గాలి, వెలుతురు తగిలి దోమ తగ్గుతుందని వ్యవసాయ అధికారులు ఎప్పటి నుంచో చెబుతూనే ఉన్నారు. ఈసారి మా నాన్న ఒక ఎకరంలో కాలిబాటలు వదలడానికి ఒప్పుకున్నారు. ఆ ఎకరంలో వారానికోసారి లెక్క రాసే పని నాది. మా క్లాసులో ఇంకో నలుగురు వాళ్ళ వాళ్ళ చేలలో రాస్తామన్నారు. పంట కోసేనాటికి మా ఐదు నోటుబుక్కులూ పక్కపక్కన పెట్టి చూస్తాం. అప్పుడు తాతయ్య మాట ఎంత నిజమో, నాన్న మాట ఎంత నిజమో మా చేలే చెబుతాయి.